రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు ఇక లేరు: ఆయనను ఎరిగినవాళ్లు రాయండి

మున్నేటి ఒడ్డు | 12 ఏప్రిల్ 2025

మన రెడ్డిపల్లి రామయ్య గారు ఈ తెల్లవారుజామున గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన వయసు 87. పొద్దున్నుంచి టీవీల్లో పద్మశ్రీ అని, కోటి మొక్కలు నాటారని చెబుతున్నారు. చెప్పవలసిన మాటలే. కానీ ఖమ్మంలో పుట్టి పెరిగినవాళ్లకు ఆయన పద్మశ్రీకి ఎంతో ముందే తెలుసు. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అని రాసిన పలక, జేబుల నిండా గింజలు, సైకిలుకు కట్టిన మొక్కలు. మే నెల ఎండలో ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటే ఆయన మాత్రం రోడ్డు మీద కనిపించేవారు.

మొదట్లో ఆయనను చూసి నవ్వినవాళ్లు చాలామంది. పిచ్చి పట్టిందన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాటలు ఆయన చెవిన పడకుండా ఉండవు. మరునాడు మళ్లీ అదే పలకతో, అవే మొక్కలతో బయలుదేరేవారు.

ఎవరికి ఏది గుర్తుంటే అది రాయండి. ఒక్క మనవి. పొగడ్తలు పేపర్ల నిండా ఉన్నాయి. ఆయన ఆ పని ఎలా చేసేవారో చూసినవాళ్లు ఉంటే అది రాస్తే మన పిల్లలకు పనికొస్తుంది.

---

గోదావరి గాలి | 12 ఏప్రిల్

చాలా బాధగా ఉంది. మాది రాజమహేంద్రవరం. ఆయన గురించి పేపర్లో చదవడమే తప్ప నేరుగా చూసే భాగ్యం కలగలేదు. అసలు ఈ మొక్కల మీద అంత ప్రేమ ఎక్కడి నుంచి వచ్చింది? అడవుల శాఖలో ఏమైనా పనిచేశారా?

---

మున్నేటి ఒడ్డు | 12 ఏప్రిల్

లేదండీ, ఏ శాఖలోనూ పని చేయలేదు. ఆయన అసలు పేరు దరిపల్లి రామయ్య. 1937లో పుట్టారు. పెద్ద చదువులు లేవు, కానీ మొక్కల గురించి ఎక్కడ ఏ పుస్తకం దొరికినా వదిలేవారు కాదు. చిన్నప్పుడు వాళ్ల అమ్మగారు వచ్చే పంటకు కావలసిన కూరగాయల గింజలు ఎండబెట్టి దాచేవారట. అది చూసి గింజ విలువ తెలిసిందని ఆయనే చాలాచోట్ల చెప్పుకున్నారు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో ఉండేదే ఇది. బీర, సొర గింజలు బూడిదలో కలిపి గుడ్డలో మూటగట్టి వాసానికి వేలాడదీసేవారు. అందరం చూశాం. ఆ ఒక్క పిల్లవాడు మాత్రం దాన్ని జీవితమంతా పట్టుకున్నాడు.

---

బడిగంట | 12 ఏప్రిల్

నేను ఖమ్మం పక్కనే ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి రిటైర్ అయ్యాను. రామయ్య గారు మా బడికి వచ్చినప్పుడు చూసిన ఒక సంగతి చెబుతాను.

మేము ఉపన్యాసానికి వేదిక, మైకు సిద్ధం చేశాం. ఆయన వేదిక మీద ఎక్కువసేపు నిలబడలేదు. కిందికి దిగి పిల్లల వరుసల మధ్యకు వెళ్లి, జేబులో నుంచి గింజలు తీసి ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్కటి పెట్టుకుంటూ పోయారు. ఏ గింజో చెప్పమన్నారు. పల్లెటూరి పిల్లలే, అయినా చింతగింజ తప్ప చాలామంది వేరే ఏదీ గుర్తుపట్టలేకపోయారు. కానుగ గింజ చూసి ఒక పిల్లవాడు చిక్కుడు గింజ అన్నాడు. ఆయన కోప్పడలేదు. ఆ గింజను పిల్లవాడి చేతిలోనే ఉంచి, బయట ఉన్న కానుగ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, కాయ తెంపి, ఒలిచి చూపించారు. బిళ్లలాంటి కాయ, లోపల ఒకటే గింజ, ఎర్రటి పొర. అప్పటిదాకా ఆ చెట్టు కిందే ఆడుకున్న పిల్లలు వాళ్లు.

ఆ తర్వాత మా బడిలో నేను ప్రతి ఏడూ గింజల పెట్టె పెట్టించాను. సీసాల్లో వేప, కానుగ, చండ్ర, మారేడు, నేరేడు. ఒక్కొక్క సీసా మీద పేరు పిల్లల చేతనే రాయించేవాణ్ణి. సైన్సు పాఠం కంటే ఆ పెట్టె దగ్గరే ఎక్కువ ప్రశ్నలు వచ్చేవి.

---

నల్లరేగడి | 12 ఏప్రిల్

రామయ్య గారి ఆత్మకు శాంతి కలగాలి. మా కాలువ గట్టు మీద కానుగలు ఆయన చలవే.

---

కొలత కర్ర | 13 ఏప్రిల్

నేనూ ఆయనంటే గౌరవం ఉన్నవాణ్ణే. కానీ ఒక సందేహం అడగకుండా ఉండలేను. కోటి మొక్కలు అంటున్నారు. ఒక మనిషి జీవితంలో కోటి మొక్కలు నాటడం సాధ్యమేనా? ఎవరు లెక్కించారు? ఇలాంటి పెద్ద అంకె చెబితే రేపు ఎవరో ఒకరు కొట్టిపారేస్తారు. దాంతో పాటు ఆయన అసలు కష్టాన్ని కూడా కొట్టిపారేస్తారని నా భయం.

---

సీతాఫలం | 13 ఏప్రిల్

మనిషి పోయి ఒక్క రోజు గడవలేదు. ఇప్పుడా ఈ లెక్కలు?

---

అడవి దారి | 13 ఏప్రిల్

సీతాఫలం గారూ, ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. నేను అడవుల శాఖ నర్సరీల్లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను.

ఒక మనిషి గుంత తవ్వి, పాలిథిన్ సంచిలోని మొక్క పెట్టి, నీళ్లు పోస్తూ కోటి చేయాలంటే కష్టమే. కానీ రామయ్య గారి పద్ధతి అది ఒక్కటే కాదు. మొక్కలు నాటేవారు, దాంతోపాటు గింజలు చల్లేవారు. ఎండాకాలంలో చెట్ల కింద రాలిన గింజలు ఏరుకుని దాచి, తొలకరి పడగానే రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, బడుల ఆవరణల్లో, గుడి మాన్యాల్లో, బీళ్లలో వేసేవారు. పప్పు తీయని వేపగింజలు కిలోకు మూడు వేల నుంచి నాలుగు వేల దాకా ఉంటాయి. కోటిని యాభై ఏళ్లకు పంచితే ఏడాదికి రెండు లక్షలు. అంటే వేపగింజల లెక్కలో ఏటా యాభై, అరవై కిలోలు. ఇల్లాలితో కలిసి, ఆ పని తప్ప వేరే ధ్యాస లేని మనిషికి అది అసాధ్యం ఎలా అవుతుంది? కాబట్టి కోటి గింజలు మట్టిలో పడ్డాయంటే నేను నమ్ముతాను.

అందులో చెట్లయినవి ఎన్ని అంటే అది వేరే ప్రశ్న. నేరుగా చల్లిన గింజలో మొలిచేది కొంత. మొలిచినదాంట్లో మొదటి వేసవి దాటేది ఇంకా తక్కువ. మేకలు మేస్తాయి, గడ్డికి పెట్టిన నిప్పు అంటుకుంటుంది, రోడ్డు పనులవాళ్లు మట్టి కప్పేస్తారు. ఆయనకు ఇది మనందరికంటే బాగా తెలుసు. తెలిసే అన్ని గింజలు వేశారు. నాటిన చోటికి మళ్లీ వెళ్లి నీళ్లు పోయడం, కంప కట్టడం ఆయన రోజువారీ పని. నా దృష్టిలో ఆ అంకె కంటే ఇదే పెద్దది. మొక్కలు నాటి ఫోటో దిగేవాళ్లను నా ఉద్యోగంలో వందల మందిని చూశాను. మే నెలలో బిందెతో తిరిగి వచ్చినవాళ్లు చాలా తక్కువ.

---

కొలత కర్ర | 13 ఏప్రిల్

అడవి దారి గారూ, మనసు కుదుటపడింది. ఇకమీద ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

---

సీతాఫలం | 13 ఏప్రిల్

సరే, నేనూ కొంచెం తొందరపడి అన్నాను. కానీ ఈ చర్చలో ఇంతవరకు ‘ఇల్లాలితో కలిసి’ అన్న ఒక్క మాట తప్ప జానమ్మ గారి పేరు ఎవరూ ఎత్తలేదు. అది నాకు నచ్చలేదు.

ఆయన గింజలు ఏరిన చోట ఆమె కూడా ఏరింది. గుంత తవ్వితే మొక్క అందించింది. ఉన్న భూమి అమ్మి మొక్కలకు, గింజలకు ఖర్చు పెట్టారని పేపర్లలో గొప్పగా రాస్తారు. అలాంటి ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో ఎవరైనా ఆలోచించారా? భర్తకు ఊరంతా పిచ్చివాడని పేరు పెడితే ఆ మాట మొదట తగిలేది భార్యకే. నీళ్ల బావి దగ్గర, బంధువుల పెళ్లిళ్లలో, అన్నిచోట్లా. అయినా ఆమె ఆయన పక్కనే నడిచింది. ఆ ఇంటి గోడల నిండా, పాత రేకుల మీద, చక్రాల మీద, పారేసిన ఫ్యాను రెక్కల మీద చెట్ల నినాదాలే. మనలో ఎంతమంది ఇళ్లలో ఆడవాళ్లు దానికి ఒప్పుకుంటారు?

2017లో రాష్ట్రపతి భవన్‌లో ప్రణబ్ ముఖర్జీ గారి చేతుల మీదుగా పద్మశ్రీ ఆయనకు వచ్చింది. నా మనసులో మాత్రం అది ఇద్దరిదీ.

---

మున్నేటి ఒడ్డు | 13 ఏప్రిల్

నూటికి నూరుపాళ్లు నిజం అక్కా. నేను మొదటి టపాలోనే రాయవలసిన మాట. మనవరాళ్లకు కూడా చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టుకున్న ఇల్లు అది. ఒక్కరి ఇష్టంతో జరిగే పని కాదు.

---

తెల్లచొక్కా | 13 ఏప్రిల్

ఎవరూ రాయలేదు కాబట్టి గుర్తుచేస్తున్నాను. 2022లో మొక్కలకు నీళ్లు పోయడానికి రోడ్డు దాటుతుంటే ఒక మోటారు సైకిల్ ఢీకొట్టి ఆయన ఆసుపత్రి పాలయ్యారు. అప్పటికే ఎనభై దాటిన మనిషి. బండి నడిపిన కుర్రవాడి మీద కేసు పెట్టే బదులు అతని చేత వంద మొక్కలు నాటించండి అని కోరారు. అప్పట్లో అన్ని పేపర్లలో వచ్చింది.

నేను న్యాయవాద వృత్తిలో ఉన్నాను. ప్రమాదాల కేసులు రోజూ చూస్తాను. దెబ్బ తగిలిన మనిషి నొప్పి తగ్గకముందే ఎదుటివాడి గురించి అలా ఆలోచించడం నా అనుభవంలో ఎక్కడా లేదు. ఆయనకు ఆ కుర్రవాడి మీద జాలి ఉందో లేదో నాకు తెలియదు. మంచం మీద కూడా మొక్కలే కనిపించాయని మాత్రం అర్థమైంది.

---

నల్లరేగడి | 14 ఏప్రిల్

నిన్న పొలం పనుల్లో ఉండి ఒక ముక్కతో సరిపెట్టాను. ఈ రోజు కొంచెం వివరంగా రాస్తాను.

మాది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. కాలువ గట్టు మీద ఒకప్పుడు సర్కారు తుమ్మ తప్ప ఏమీ ఉండేది కాదు. నాట్ల కాలంలో కూలీలు గట్టు మీద కూర్చుని అన్నం తినడానికి కూడా నీడ లేదు. ఇప్పుడు వరుసగా కానుగలు ఉన్నాయి. అవన్నీ ఆయన చేత్తో వేసినవని చెప్పలేను. మొదటివి ఆయన వేశారు. ఆ చెట్ల గింజలు మా నాన్నగారు, పక్క పొలాలవాళ్లు తీసి మరికొంత దూరం వేశారు. ఆయన వచ్చినప్పుడు మా నాన్నగారితో గట్టు మీదే కూర్చుని మాట్లాడేవారు. చెట్టు వేయమని బతిమాలేవారు కాదు. కానుగ రొట్ట పొలంలో తొక్కిస్తే ఎంత బలమో, గింజ నుంచి నూనె ఎలా వస్తుందో, దాని వేరు గట్టును ఎలా పట్టుకుంటుందో చెప్పేవారు. రైతుకు లాభం చెప్పాలని ఆయనకు తెలుసు.

కానుగనే ఎందుకు ఎంచుకున్నారో తర్వాత నాకు అర్థమైంది. పశువులు దాన్ని అంతగా ముట్టవు. కాపలా లేని చోట అదే బతుకుతుంది. చండ్ర కూడా ఆయన చాలా వేశారు. రోకలికి, బండి ఇరుసుకు చండ్ర కర్రను మించింది లేదని మా ఊరి వడ్రంగి ఇప్పటికీ అంటాడు. ఇప్పుడు చండ్ర చెట్టు చూపించమంటే ఊళ్లో కుర్రవాళ్లు చూపించలేరు.

---

ఎడారి పూత | 14 ఏప్రిల్

నమస్కారం. నేను ఖమ్మం వాణ్ణే. పని మీద బహ్రెయిన్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఒక్క వేపచెట్టు బతికించడానికి రోజూ గొట్టంతో నీళ్లు పెట్టాలి. మన దగ్గర వాన నీటికే పెరిగే చెట్టును రోడ్డు కోసం ఒక్క పూటలో పడగొడతాం. సెలవులకు వచ్చినప్పుడల్లా దారిలో ఏదో ఒక నీడ మాయమై ఉంటుంది.

రామయ్య గారికి ఊళ్లో ఒక మంచి విగ్రహం పెడదాం. ఇక్కడి తెలుగువాళ్లం తలా కొంత వేసుకుంటాం. స్థలం మీరు చూడండి.

---

తెల్లచొక్కా | 14 ఏప్రిల్

మంచి ఆలోచన. నేను కూడా ఇస్తాను.

---

అడవి దారి | 14 ఏప్రిల్

నాకు ఇష్టం లేదు. తప్పుగా అనుకోకండి. విగ్రహం పెట్టిన తర్వాత ఏడాదికి రెండుసార్లు దండ వేసి ఊరుకుంటాం. ఆ సిమెంటు దిమ్మె కోసం పక్కన ఉన్న చెట్టు కొమ్మలు కొట్టినా కొడతారు. అదే డబ్బుతో, అసలు డబ్బు లేకుండానే, ఆయన చేసిన పనిని ఒక కాలువ గట్టు మీద కొనసాగించవచ్చు.

---

ఎడారి పూత | 14 ఏప్రిల్

మరి రేపటి పిల్లలకు ఆయన ముఖం ఎలా తెలుస్తుంది? గట్టు మీద కానుగ చూసి ఇది రామయ్య గారిదని ఎవరు చెబుతారు? ఊళ్లో ఎంతోమంది నాయకుల విగ్రహాలు ఉన్నాయి. ఆయన ఒక్కడికే వద్దా?

---

బడిగంట | 14 ఏప్రిల్

ఎడారి పూత బాబూ, నీ బాధ నాకు అర్థమైంది. ఆ మాటలో న్యాయం ఉంది. విగ్రహం సంగతి పెద్దలు, ప్రభుత్వం, ముఖ్యంగా ఆయన కుటుంబం ఏమనుకుంటారో చూద్దాం. వాళ్లు దుఃఖంలో ఉండగా మనం నిర్ణయించవద్దు. గింజల పని మాత్రం వానల కోసం ఆగదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. అది తప్పితే మళ్లీ ఏడాది.

---

గోదావరి గాలి | 14 ఏప్రిల్

ఇప్పుడు ఏయే గింజలు దొరుకుతాయి? ఎలా దాచాలి? మా వైపు కూడా మొదలుపెడతాం. మేము వేసవి అంతా గింజలు పోగుచేసి జూలైలో వేద్దామనుకుంటున్నాం.

---

అడవి దారి | 15 ఏప్రిల్

గోదావరి గాలి గారూ, అన్ని గింజలకూ ఒకే పద్ధతి కుదరదు. కొన్ని దాచుకోవచ్చు, కొన్నింటిని దాచితే చచ్చిపోతాయి.

కానుగ కాయలు ఇప్పుడు చెట్ల కింద రాలి ఉంటాయి. ఒలిచి నీడలో ఆరబెడితే తొలకరి దాకా నిశ్చింతగా ఉంటాయి. చింతగింజ ఎన్నాళ్లయినా ఉంటుంది, కానీ పెంకు గట్టిది. వేసే ముందు రాత్రంతా నీళ్లలో నాననివ్వాలి. చండ్ర గింజలు చిన్నవి, కాయలోనే పురుగు పడుతుంది. కాబట్టి తీసిన వెంటనే చెరిగి, పుచ్చినవి ఏరేయాలి.

వేప, నేరేడు దగ్గరే అందరూ దెబ్బతింటారు. ఈ రెండింటి పండ్లూ మన వైపు ఎక్కువగా జూన్, జూలైల్లో రాలతాయి. ఆ గింజలకు ఆయుష్షు తక్కువ. నేరేడు రెండు వారాలు దాటితే నమ్మకం లేదు. వేప కూడా కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి కోల్పోతుంది. అందుకే నెలల తరబడి దాచిన పాత వేపగింజ తెచ్చి చల్లితే ఒక్కటీ మొలవదు, ఆ తప్పు మట్టి మీద వేస్తారు. పండు రాలిన రోజే ఏరండి. బకెట్లో నీళ్లు పోసి, గుప్పెడు ఇసుక వేసి చేత్తో రుద్దితే గుజ్జు ఊడిపోతుంది. కడిగి, నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, నేల తడిగా ఉండగా వేసేయండి. ఎండలో మాత్రం ఆరబెట్టవద్దు.

మర్రి, రావి గింజలతో తిప్పలు పడకండి. ఆ పని పక్షులు చేస్తాయి. పాత గోడల్లో, బావుల్లో మొలిచిన పిల్లమొక్కలు వేళ్లతో సహా తీసి నాటుకుంటే చాలు.

నాటిన చోట చుట్టూ సర్కారు తుమ్మ కంప పాతితే మేకల బెడద ఉండదు. ఖర్చు కూడా లేదు.

---

కొలత కర్ర | 15 ఏప్రిల్

కాలువ గట్టు మీద వేయాలంటే అనుమతి కావాలా?

---

తెల్లచొక్కా | 15 ఏప్రిల్

గట్టు నీటిపారుదల శాఖది కాబట్టి ముందుగా ఒక అర్జీ ఇచ్చి చెప్పడం మంచిది. రేపు పూడిక తీసే యంత్రం వచ్చినప్పుడు మొక్కలు ఎక్కడ ఉన్నాయో వాళ్లకూ తెలుస్తుంది. అర్జీ నేను రాస్తాను. ఇంకో మాట. చెట్టు కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా చట్టం, ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు. మీ వీధిలో ఎవరైనా గొడ్డలి పట్టుకుని వస్తే మొదట అనుమతి కాగితం చూపించమని అడగండి.

---

సీతాఫలం | 15 ఏప్రిల్

మా కాలనీలో మహిళా సంఘం ఉంది. కానుగ గింజలు ఒలిచే పని మేము చేస్తాం. అందరం పోగయ్యే ముందు ఒకసారి రెడ్డిపల్లి వెళ్లి జానమ్మ గారిని చూసి రావాలని ఉంది. పెద్దకర్మ అయ్యాక, ఇంటి నిండా జనం తగ్గాక. కెమెరాలు, దండలు ఏమీ వద్దు. కాసేపు ఆమె దగ్గర కూర్చుని వద్దాం. ఎవరెవరు వస్తారు?

---

మున్నేటి ఒడ్డు | 15 ఏప్రిల్

నేను వస్తాను అక్కా. బండి నాదే.

---

బడిగంట | 15 ఏప్రిల్

నేనూ వస్తాను. పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు, వాళ్లను కూడా తీసుకొస్తాను.

---

ఎడారి పూత | 15 ఏప్రిల్

జూన్ చివర్లో నాకు సెలవు ఉంది. వేప వేసేటప్పటికి ఊళ్లో ఉంటాను. గింజలు ఆరబెట్టడానికి మా అమ్మగారి ఇంటి వసారా వాడుకోండి. ఈ రోజే ఫోన్ చేసి చెప్పాను, ఆమె సంతోషంగా ఒప్పుకుంది. విగ్రహం మాట నేను మరిచిపోలేదు, కానీ అది తర్వాత.

---

నల్లరేగడి | 16 ఏప్రిల్

మా గట్టు మీద కానుగ కాయలు గంపలకొద్దీ రాలి ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే వస్తే ఎండ ముదరకముందే ఏరుకోవచ్చు. మంచినీళ్లు, మజ్జిగ మా ఇంటి నుంచి వస్తాయి. ఎరువుల సంచులు ఉతికి పెట్టినవి చాలా ఉన్నాయి, అవి తెస్తాను.

---

అడవి దారి | 16 ఏప్రిల్

కాయల వరకు ఆ సంచులు పనికొస్తాయి. ఒలిచిన గింజలకు మాత్రం గోనె సంచులే తెండి, ప్లాస్టిక్ సంచిలో చెమర్చి బూజు పడతాయి. నేను ఆరు గంటలకల్లా వస్తాను.